చెట్టెక్కే కోళ్లను కొత్త గూటికి అలవాటు చేయడం ఎలా?

పొద్దు గూకుతోంది. పెరట్లో కొత్త గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఊక పరిచారు, గిన్నెలో నీళ్లు పోశారు, మూలన గుడ్ల బుట్ట కూడా పెట్టారు. కోళ్లు మాత్రం దాని ముందు నుంచే దర్జాగా నడిచి వెళ్లి ఒక్కొక్కటిగా జామచెట్టు ఎక్కుతున్నాయి. కర్ర పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ "హుష్, హుష్" అంటున్నది మీరు. గుమ్మంలో నిలబడి నవ్వుతున్నది మీ ఇంట్లోవాళ్లు.

మా పెరట్లో ఈ తంతు పది రోజులు నడిచింది. పదకొండో రోజు తెల్లవారేసరికి చెట్టు కింద గుప్పెడు గోధుమ రంగు ఈకలు, గోడవారన రెండు నెత్తుటి చుక్కలు. బావురుపిల్లి పని. పోయింది మంచి గుడ్ల పెట్ట. ఆ రోజు కర్ర పక్కన పడేసి, అసలు ఇవి గూట్లోకి ఎందుకు రావడం లేదో చూడడం మొదలుపెట్టాను. గూడును సరిచేసి, ఒక వారం ఓపిక పడితే మిగిలిన తొమ్మిదీ వాటంతట అవే లోపలికి వెళ్లాయి. ఆ పద్ధతిని, నేను చేసిన పొరపాట్లతో సహా, వరుసగా చెబుతాను.

కోడి ఏం చూస్తుంది?

కోడికి చీకట్లో చూపు ఆనదు. అందుకే వెలుగు పూర్తిగా పోకముందే రాత్రి బస వెతుక్కోవాలన్న తొందర దానికి. ఆ తొందరలో అది చూసుకునేవి రెండే: నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నాను, చుట్టుపక్కల ఎత్తైన చోటు ఏది. అడవికోడి పగలంతా నేల మీద గీరుకుని తిన్నా రాత్రికి కొమ్మ ఎక్కుతుంది. మన నాటుకోళ్లు ఊళ్లోకి వచ్చి ఎన్ని వేల ఏళ్లయినా ఆ బుద్ధిని వదులుకోలేదు.

కాబట్టి కొత్త గూడు ఎంత బాగున్నా, అందులో నాలుగు రాత్రులు పడుకునేదాకా కోడి లెక్కలో అది ఇల్లు కాదు. తరిమి లోపలికి తోలితే జరిగేది తలకిందులు వ్యవహారం. కర్ర పట్టుకున్న మనిషి వెంటపడే చోటు ఇదీ అని కోడి గుర్తుపెట్టుకుంటుంది, మర్నాడు ఇంకాస్త ముందే చెట్టెక్కుతుంది. నా పది రోజుల కష్టంతో నేను నేర్పింది సరిగ్గా అదే.

ముందు గూడు సంగతి చూడండి

కోళ్లను అలవాటు చేయడం వారం రోజుల పని. గూడు బాగోకపోతే ఏడాదికీ అవదు. అందుకని కోళ్ల జోలికి వెళ్లకముందు ఒక సాయంత్రం, సరిగ్గా అవి పడుకునే వేళకు, మీరే గూట్లోకి తల పెట్టి చూడండి.

నేను కొన్నది తయారుగా అమ్మే ఇనుప గూడు. పైన రేకు, చుట్టూ రేకు, ముందు మాత్రం జాలి. చూడడానికి చక్కగా ఉంది. మే నెలలో ఒకరోజు సాయంత్రం ఆరున్నరకు లోపలికి వంగి రెండు నిమిషాలు కూర్చున్నాను. పొద్దు దిగిపోయినా రేకు చల్లారలేదు. నడినెత్తి మీద సెగ దిగుతోంది. పక్క రేకుకు మోచేయి తగిలితే చురుక్కుమంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి దించుకోవాలి. అలాంటిది ఆ పొయ్యిలోకి ఎందుకు వస్తుంది? గాలి ఆడే కొమ్మ మీదే కూర్చుంటుంది. దాని స్థానంలో నేనున్నా అదే పని చేసేవాడిని.

రేకు గూడు మీకూ ఉంటే పారేయక్కర్లేదు. రేకుకు ఒక జానెడు ఎత్తున నాలుగు కర్రలు కట్టి, వాటి మీద తాటాకో కొబ్బరాకో మందంగా కప్పండి. ఆకుకూ రేకుకూ మధ్య గాలి ఆడడమే ముఖ్యం. ఆకు దొరకని చోట రేకు మీద రెండు పూతలు తెల్లసున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. పక్క రేకుల్లో పైభాగాన, కోళ్లు కూర్చునే ఎత్తు కన్నా కొంచెం పైన, రెండు వైపులా ఎదురెదురుగా జాలి కిటికీలు కోయించండి. వేడి, రెట్ట ఘాటు పైనుంచి వెళ్లిపోతాయి, గాలి కోళ్ల ఒంటికి నేరుగా కొట్టదు. పొద్దున్నే తలుపు తీసినప్పుడు ఘాటుకు మీ కళ్లు మండితే, రాత్రంతా ఆ గాలే పీల్చిన కోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఊక మార్చండి, కిటికీ పెంచండి.

ఇక కూర్చునే కర్ర. చాలామంది గూడు కొంటారు, కర్ర మరిచిపోతారు. ఊకలో పడుకోమంటే నాటుకోడికి నచ్చదు. గోడకు గోడకు మధ్య అడ్డంగా వేసే ఈ కర్రే దానికి మంచం. సరుగుడు కర్ర మంచిది, నీలగిరి కర్ర కూడా పనికొస్తుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి చుడితే అందీ అందనంత మందం, అంటే నాలుగైదు సెంటీమీటర్లు చాలు. నున్నటి వెదురు బొంగు మీద కాలు జారుతుంది. ఇనుప గొట్టం అసలే వద్దు, అది ఎండాకాలం కాలుతుంది, చలికాలం కొరుకుతుంది. బెరడు తీసి, ముళ్లు, మేకులు లేకుండా చూసి, ఊగకుండా బిగించండి. ఊగే కర్ర మీద కోడి ఒకసారి కూర్చుంటుంది, రెండోసారి రాదు.

ఎత్తు విషయంలో ఒక్కటే సూత్రం: గూట్లో అన్నిటికన్నా ఎత్తైన కూర్చునే చోటు ఆ కర్రే కావాలి. గుడ్ల బుట్ట దానికన్నా పైన ఉంటే కోళ్లు బుట్టలో పడుకుంటాయి, తెల్లారేసరికి గుడ్లన్నీ రెట్టే. నేల నుంచి ఒకటిన్నర, రెండు అడుగుల ఎత్తు నాటుకోళ్లకు సరిపోతుంది. గోడకు అడుగు దూరం వదలండి, లేకపోతే తోక ఆనుతుంది. ఒక్కో కోడికి ఎనిమిది, తొమ్మిది అంగుళాల చోటు కావాలి, భారీ పుంజులకు అడుగు. రెండు కర్రలు వేస్తే ఒకే ఎత్తులో, మధ్య అడుగు దూరంలో వేయండి. మెట్లలా వేస్తే పై మెట్టు కోసం రోజూ సాయంత్రం కొట్లాటే, ఓడినవి కింద రెట్టలో తడుస్తాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా వంటి బరువైన కోళ్లు మీ దగ్గర ఉంటే కర్రను అడుగు ఎత్తుకు దించండి. పొద్దున్నే పై నుంచి దబ్బున దూకి దూకి వాటి అరికాళ్లు వాచి పుళ్లు పడతాయి.

జాలి గురించి క్లుప్తంగా. ఆరు కోణాల పలచటి కోళ్ల జాలి కోడిని లోపల ఉంచుతుందే కానీ కుక్కనూ, బావురుపిల్లినీ బయట ఆపదు. అర అంగుళం గళ్ల వెల్డింగు జాలి వేయించండి. నేల వెంబడి అడుగు మేర భూమిలో పాతితే ముంగిస తవ్వలేదు. పిల్లలూ గుడ్లూ ఉన్న గూటికి పాము కూడా వస్తుంది, వేలు దూరే సందు ఉంటే చాలు దానికి. తలుపుకు తాడు కాకుండా గడియ పెట్టండి.

చివరిగా వెలుగు. బయట ఇంకా వెలుతురు ఉండగా గూడు లోపల చిమ్మచీకటిగా ఉంటే ఏ కోడీ అందులో అడుగు పెట్టదు. మా నల్లపెట్ట గడప దగ్గరకు వచ్చి, మెడ చాచి, తల పక్కకు వాల్చి ఒక కంటితో లోపలికి చూసేది. తరువాత తల తిప్పి రెండో కంటితో చూసేది. మెల్లగా "కొ... ర్..." అని గొణిగి వెనక్కి తిరిగేది. దాని వెనక తక్కినవన్నీ. పడమటి వైపు చిన్న జాలి కిటికీ పెట్టిస్తే సందెవెలుగు చివరిదాకా లోపల పడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దానికి గోనెపట్టా వేలాడదీసి, అయిదున్నరకు ఎత్తేయండి.

మొదటి రాత్రి: చీకటి పడ్డాకే

గూడు సిద్ధమైంది. ఇప్పుడు పగటిపూట కోళ్లను పట్టడానికి పరుగులు తీయకండి. వాటిని పాత చోటే, చెట్టయితే చెట్టే, ఎక్కనివ్వండి. ఒక గంట ఆగండి. పూర్తిగా చీకటి పడ్డాక కోడి సగం మత్తులో ఉంటుంది, చూపు ఉండదు, కొట్లాడదు.

ఇద్దరు ఉంటే మేలు. ఒకరు టార్చి పట్టుకుని వెలుగు నేల మీదికి వేయాలి, కోడి ముఖం మీదికి కాదు. రెండోవారు వెనక నుంచి రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి ఎత్తాలి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, ఒక రెక్క పట్టి లాగడం సంతలో చూసి ఉంటారు, ఇక్కడ వద్దు. ఎత్తగానే ఒక అరుపు వస్తుంది. కంగారు పడకుండా ఛాతీకి ఆనించుకుంటే ఊరుకుంటుంది.

గూట్లోకి తెచ్చాక ఊకలో వదిలేసి వెళ్లిపోవడం నేను చేసిన రెండో పొరపాటు. కర్ర మీదే కూర్చోబెట్టాలి. కోడి రొమ్మును కర్రకు మెల్లగా తాకించండి. అది దానంతట అదే ఒక కాలు ఎత్తి కర్ర మీద వేస్తుంది, తరువాత రెండోది. ఇంకా చేయి తీయకండి. అది కొంచెం వంగి కూర్చోగానే కాలి వేళ్లు కర్ర చుట్టూ ముడుచుకుని బిగుసుకుంటాయి. కాలు వంగితే నరం లాగి వేళ్లు వాటంతట అవే మూసుకునేలా కోడి కాలి నిర్మాణం ఉంటుంది, అందుకే నిద్రలోనూ పడిపోదు. ఆ పట్టు మీ అరచేతికి తెలుస్తుంది, అప్పుడు వదలండి.

అన్నిటికన్నా ముందు గుంపుకు పెద్దదిక్కు లాంటి పెట్టను తెచ్చి, తలుపుకు దూరంగా ఉన్న కొసన కూర్చోబెట్టండి. తలుపు దగ్గర కూర్చుంటే రేపటి నుంచి లోపలికి వచ్చే ప్రతిదాన్నీ పొడుస్తుంది. పుంజును చివర తెచ్చినా ఫరవాలేదు, పెట్టలున్న చోటు వదిలి అది ఎక్కడికీ పోదు.

మూసి ఉంచే వారం

ఇదే అసలైన మెట్టు, చాలామంది దాటవేసేదీ ఇదే. అయిదు నుంచి ఏడు రోజులు కోళ్లను బయటికి వదలకూడదు. పాత చోటుకు బాగా అలవాటుపడిన ముదురు కోళ్లయితే పది రోజులు. పగలు తిరిగి రాత్రికి మాత్రమే వచ్చే గూట్లో కోడికి ఒకటిన్నర, రెండు చదరపు అడుగులు చాలు కానీ, పగలూ రాత్రీ మూసి ఉంచితే ఆ చోటు చాలదు. గూటికి ఆనించి జాలితో చిన్న ఆవరణ కట్టండి. పాత చేపల వల, నాలుగు వెదురు కర్రలు ఉన్నా పని నడుస్తుంది, వారం రోజులకే కదా. అందులో సగం చోటుకు నీడ ఉండాలి.

మూసి ఉన్న కోళ్లకు ఏమీ తోచదు, తోచక ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. తోటకూర కట్టనో మునగ కొమ్మనో వాటి తల ఎత్తుకు వేలాడదీయండి, ఎగిరి ఎగిరి పీకుతూ పొద్దుపుచ్చుతాయి. నీళ్లు కోడికి రోజుకు పావు లీటరు లెక్కన పెట్టండి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఈ వారంలో గుడ్లు తగ్గుతాయి, చోటు మారిన బెంగ అది. మందులు వేయకండి, వాటంతట అవే మళ్లీ మొదలుపెడతాయి.

రోజూ సాయంత్రం మీ పని రెండు ముక్కలు. పొద్దు వాలకముందు ఒక డబ్బాలో గుప్పెడు జొన్నలు వేసి గలగలలాడిస్తూ పిలిచి, గింజలు గూటి లోపల, కర్రల కింద చల్లండి. మా ఇంట్లో పిలుపు "బా బా బా", మీ ఇంట్లో ఏదైతే అదే, కానీ రోజూ ఒకటే ఉండాలి. జొన్నలు లేకపోతే నూకలు, సజ్జలు, రాగులు. ఆ డబ్బా చప్పుడు మామూలు మేత వేసేటప్పుడు వినిపించకూడదు. చీకటి పడ్డాక టార్చితో ఒకసారి చూసి, నేల మీదో బుట్టలోనో పడుకున్న వాటిని ఎత్తి కర్ర మీద పెట్టండి. మొదటి రాత్రి మావి తొమ్మిదింటిలో ఆరు కింద మూలన ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నాలుగో రాత్రికి రెండు. ఆరో రాత్రి టార్చి వేసేసరికి అన్నీ వరుసగా కర్ర మీద, ఒక్కటి మాత్రం ఒక కన్ను తెరిచి నన్ను చూస్తూ. వరుసగా రెండు రాత్రులు మీ చేయి తగలకుండా అన్నీ కర్ర మీద కనిపిస్తే తలుపు తెరవడానికి అదే గుర్తు. రోజుల లెక్క కన్నా ఈ గుర్తును నమ్మండి.

ఆవరణ కట్టే వీలు లేదా? వారం రోజులు పగలంతా మూయలేరా? అయితే రోజూ రాత్రి చెట్టు మీద నుంచి దించి కర్ర మీద పెట్టడం, మర్నాడు మధ్యాహ్నం మూడింటి దాకా మూసి ఉంచి ఆ తరువాతే వదలడం. ఇలా రెండు, మూడు వారాలు పడుతుంది. నడుము నొప్పి గ్యారంటీ.

తలుపు తెరిచే సాయంత్రం

ఉదయం తెరవకండి. ఉదయం వదిలితే పన్నెండు గంటలు ఊరంతా తిరిగి, పాత అడ్డాలన్నీ గుర్తు చేసుకుని, నేరుగా చెట్టు దగ్గర తేలతాయి. మొదటిసారి పొద్దుగుంకడానికి గంట ముందు తెరవండి. ఆ రోజు మధ్యాహ్నం మేత కొంచెం తగ్గించండి. బయట పెరట్లో గింజ కూడా ఉండకూడదు. గంటసేపు గీరుకున్నాక డబ్బా గలగలలాడించండి. ఆకలి మీద ఉన్న కోడి, తెలిసిన చప్పుడు, వారం రోజులుగా పడుకుంటున్న చోటు కలిశాయంటే అది లోపలికి పరుగెత్తాల్సిందే.

మర్నాడు గంటన్నర ముందు, ఆ మర్నాడు రెండు గంటలు. ఇలా పెంచుకుంటూ పోయి వారానికి పొద్దున్నే వదిలే స్థితికి రండి.

పిలుపు వేళను గడియారానికి కట్టేయకండి. హైదరాబాదులో డిసెంబరు మొదట్లో పొద్దు అయిదూ నలభైకే గూకుతుంది, జూన్ ఆఖరుకు ఏడు కావస్తుంది. ఆరింటికి వేస్తానని కూర్చుంటే చలికాలంలో మీరు వెళ్లేసరికి కోళ్లు చెట్టెక్కి ఉంటాయి, ఎండాకాలంలో గింజలు తినేసి మళ్లీ షికారుకు పోతాయి. సూర్యుడు దిగడానికి అరగంట ముందు అనుకోండి. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందే.

మాట వినని ఒకటి రెండు

ప్రతి గుంపులోనూ ఉంటాయి. దేని రోగం ఏదో చూసి దానికి తగ్గ మందు వేయాలి.

గడప దాకా వచ్చి ఆగిపోతుంటే చీకటికి జంకుతోంది. లోపల చిన్న బల్బు పొద్దుగుంకే ముందు వెలిగించి, అన్నీ కర్ర ఎక్కాక ఆర్పండి. మధ్యలో ఆర్పితే నేల మీద ఉన్నది కళ్లు కనపడక అక్కడే చతికిలబడుతుంది. రాత్రంతా వెలగనివ్వడమూ తప్పే, కోడికి చీకటి నిద్ర కావాలి. పది రోజుల్లో బల్బు మానేయొచ్చు.

గుడ్ల బుట్టలో దూరుతుంటే మధ్యాహ్నం నాలుగు తరువాత బుట్ట మూతికి అట్టముక్క అడ్డం పెట్టి, చీకటి పడ్డాక తీసేయండి. పొద్దున్నే గుడ్డు పెట్టే పెట్టకు దారి ఉండాలి కదా. వారంలో ఆ అలవాటు పోతుంది.

అన్నీ లోపలికి వెళ్లాక కూడా ఒకటి బయటే తచ్చాడుతుంటే, లోపల దాన్ని ఎవరో పొడుస్తున్నారన్నమాట. కర్ర పొడవు చాలుతోందా చూడండి. లేకపోతే ఇంకో మూలన చిన్న కర్ర వేరే వేయండి. మా గుంపులో కడగొట్టుది ఒక బోడిమెడ పెట్ట. దానికోసం రెండడుగుల కర్ర విడిగా కడితే ఆ రాత్రికే సమస్య తీరింది.

ఇక చెట్టును వదలనివి. చెట్టును కొట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి, పగటి నీడ పోతుంది. కింది కొమ్మలు నాలుగైదు అడుగుల ఎత్తు దాకా కోసి, మానుకు రెండడుగుల వెడల్పు నున్నటి రేకు చుట్టండి. పక్కనున్న గోడ, కట్టెల మోపు, మంచం చెట్టుకు మెట్లు కాకుండా జరపండి. మా కోళ్లు నీళ్ల తొట్టి అంచు మీద నుంచి గోడకు, గోడ నుంచి కొమ్మకు వెళ్లేవని నాకు తెలిసింది తొమ్మిదో రోజున! ఒక రెక్క మీద పెద్ద ఈకలు పది సగానికి కత్తిరించే పద్ధతి కూడా ఉంది. ఒకవైపు బలం తగ్గి కోడి ఎగరలేదు. ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా పనిచేస్తుంది. లేత ఈక మొదట్లో నెత్తురు ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు. నాకైతే ఈ పద్ధతి మీద మనసు లేదు. పగలు కుక్క వెంటపడినప్పుడు గోడెక్కి బతకాల్సిన కోడి రెక్క విరిచినట్టే.

పిల్లలు, కొత్తగా కొన్నవి

తల్లి వెనక పెరిగే పిల్లలకు మీరు నేర్పాల్సింది లేదు. గంప కింద మూసే రోజులు దాటాక, ఒకటిన్నర నెల వయసుకు, తల్లి ఎక్కిన కర్ర అవీ ఎక్కుతాయి. చిక్కంతా బల్బు వేడిలో తల్లి లేకుండా పెరిగి, నెల, నెలన్నర వయసులో మీ ఇంటికి వచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటి పిల్లలతో. వాటికి కర్ర అంటే ఏమిటో తెలియదు. చీకటి పడగానే మూలకు చేరి గుట్టగా పడతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. మూలలకు ఊక ఎత్తుగా పోసి గుండ్రంగా చేయండి. నేల నుంచి జానెడు ఎత్తులో సన్న కర్ర ఒకటి వేసి పగలే దాని మీద ఆడుకోనివ్వండి. రాత్రి రెండు, మూడింటిని దాని మీద పెట్టండి, చూసి మిగిలినవి నేర్చుకుంటాయి. రెండు వారాలకోసారి కర్రను పైకి జరపండి. చిన్నప్పుడు కర్ర ఎరగని పిల్ల పెద్దయ్యాక కూడా ఎక్కడానికి, దిగడానికి తడబడుతుంది.

సంతలో కొన్న కోళ్లను తెచ్చిన రోజే పాత గుంపులో కలపకండి. రెండు, మూడు వారాలు విడిగా ఉంచి, పశువైద్యశాలలో అడిగి కొక్కెర తెగులు టీకా సంగతి తేల్చుకుని, తరువాత ఒక రాత్రి చీకట్లో తీసుకెళ్లి పాతవాటి పక్కన కర్ర మీద పెట్టండి. పొద్దున్నే కొంత రుసరుస ఉంటుంది. ఆ రోజు మేత రెండు మూడు చోట్ల వేస్తే పొట్లాట పలచబడుతుంది.

అలవాటైన కోళ్లు హఠాత్తుగా మానేస్తే

ఆరు నెలలు చక్కగా వచ్చిన కోళ్లు ఒకరోజు సాయంత్రం గూటి ముందు నిలబడి లోపలికి వెళ్లనంటే, కోళ్లను కాదు, గూడును అనుమానించండి. రాత్రి పాము వచ్చి ఉండొచ్చు, ఎలుక కాళ్లు కొరికి ఉండొచ్చు. ఊకలో కుబుసం, నేలకు కన్నం, పగిలిన గుడ్డు పెంకు ఉన్నాయేమో వెతకండి.

ఎక్కువసార్లు దొరికే దొంగ ఇంకా చిన్నది. పగలు కర్ర చీలికల్లో, మేకు సందుల్లో దాగి, రాత్రి కోళ్ల మీదికి పాకి నెత్తురు పీల్చే సన్నటి ఎర్ర పురుగులు, గోమార్లు. పగలు కోడిని పట్టుకుని చూస్తే ఏమీ కనిపించదు, అదే మోసం. రాత్రి పదింటికి టార్చి తీసుకుని వెళ్లి, కర్ర గోడకు తగిలే చోట కింది వైపు తెల్లగుడ్డతో ఒక్కసారి తుడవండి. గుడ్డ మీద ఎర్రటి చారలు పడితే దొంగ దొరికినట్టే. కర్రలు ఊడదీసి సలసల కాగే నీళ్లు పోసి రెండు రోజులు ఎండలో పెట్టండి. చీలికలు ఎక్కువ ఉంటే కొత్త కర్ర వేయడమే నయం. ఊకంతా తీసి తగలబెట్టి, గోడలకు, సందులకు సున్నం కొట్టండి. వారం తరువాత మళ్లీ అదే పని చేయాలి, ఆ పురుగుల గుడ్లు పగిలి కొత్తవి వస్తాయి కాబట్టి. మందు కొట్టాల్సి వస్తే పశువైద్యుడిని అడిగి, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో కూడా కనుక్కోండి.

గడియ వేసే ముందు

రోజూ లెక్క పెట్టండి. మాకు తొమ్మిది అని రావాలి. ఎనిమిదే వచ్చిన సాయంత్రాలలో చూడాల్సిన చోట్లు వరుసగా: గూటి కప్పు మీద, గుడ్ల బుట్టలో, తలుపు వెనక, ఆ తరువాతే చెట్టు. అక్కడా లేక, పెరట్లో ఈకలూ రాలకుండా, రెండు రోజులుగా మేత వేళకు మాత్రమే పరుగున వచ్చి ఒళ్లు ఉబ్బించుకుని కసురుతూ మాయమవుతుంటే ఆ పెట్ట ఎక్కడో గుడ్ల మీద కూర్చుంది. మా నల్లపెట్ట మొన్న దసరాకు ఇలాగే కందికంప మోపు వెనక దొరికింది, కింద పదకొండు గుడ్లు. దాన్ని గూటికి తేవాలన్నా చీకటి పడ్డాకే తేవాలి. ముందు గంపలో గడ్డి వేసి గుడ్లు సర్ది, తరువాత పెట్టను ఎత్తి వాటి మీద దించి, పైన గోనెపట్టా కప్పి, గూట్లో కర్రలకు దూరంగా ఒక మూలన పెట్టండి. ఇరవై ఒక్క రోజులు దాని లెక్క విడిగా వేసుకోండి.